పిల్లాడి కోపంలో క్లాసు వాటా ఎంత?

ఇంటర్వెల్ అయ్యాక పిల్లలు తోసుకుంటూ క్లాసులోకి వస్తుంటే ఒకడి మోచెయ్యి తగిలి ఇంకొకడి టిఫిన్ బాక్స్ కింద పడుతుంది. "చూసుకోలేదురా" అనేలోపే వాడి చెంప పగులుతుంది. టీచరు నిలదీస్తే కొట్టినవాడు "కావాలనే పడేశాడు టీచర్" అంటాడు, మనం అబద్ధమాడుతున్నాడనుకుంటాం. కానీ చాలాసార్లు వాడికి నిజంగానే అలా అనిపిస్తుంది.

అమెరికన్ సైకాలజిస్టు కెన్నెత్ డాడ్జ్ 1980లో దీన్ని ఒక ప్రయోగంలో చూపించాడు. పజిల్ పేరుస్తున్న మగపిల్లల్ని, పక్క గదిలో ఇంకో పిల్లాడు దాన్ని చెదరగొట్టాడని నమ్మించారు. కొందరికి వాడు కావాలనే చేశాడని, కొందరికి సాయం చేయబోతే చెదిరిందని తెలిసేలా చేశారు, మిగతావాళ్లకి కారణం తెలియనివ్వలేదు. కారణం స్పష్టంగా ఉన్నప్పుడు కొట్లాటలకు దిగే పిల్లలూ నెమ్మదస్తులూ దాదాపు ఒకేలా ప్రవర్తించారు. కారణం తెలియనప్పుడు మాత్రం కొట్లాడే పిల్లలు అవతలివాడు కావాలనే చేశాడన్నట్టు రెచ్చిపోయారు. (ఎదుటివాడి సీటో పెన్నో లాక్కోవడానికి పథకం ప్రకారం కొట్టేవాళ్లూ ఉంటారు, వాళ్ల సంగతి వేరు.)

అలాంటి పిల్లాడికి టీచరు కూడా ఒక్కటిస్తే ఏం తెలుస్తుంది? అందరూ నా మీదే పడుతున్నారని. విద్యాహక్కు చట్టం 2009లోనే పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించినా చాలామంది పెద్దలకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది బెత్తమే, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక తప్పంతా పిల్లాడి మీదే వేయకుండా ఆపేది అమెరికాలోని బాల్టిమోర్‌లో షెపర్డ్ కెల్లమ్ బృందం 1980లలో మొదలుపెట్టిన పరిశోధన. అక్కడ ఒకటో తరగతి పిల్లల్ని సెక్షన్లకు లాటరీ పద్ధతిలో పంచారు. అయినా కొన్ని వారాలు తిరిగేసరికి కొన్ని గదులు ప్రశాంతంగా, కొన్ని రణరంగంలా తయారయ్యాయి. మొదట్లో ఒకేలా దుడుకుగా ఉన్న మగపిల్లల్లో, రణరంగం లాంటి గదిలో పడ్డవాళ్లు ప్రశాంతమైన గదిలో పడ్డవాళ్లకంటే పెద్ద తరగతులకొచ్చాక ఎక్కువ దుడుకుగా తేలారు.

అదే స్కూళ్లలో కొన్ని క్లాసుల్లో టీచర్లు ఒక ఆట ఆడించారు. 1969లోనే అదే దేశంలోని కాన్సాస్‌లో పరీక్షించిన పద్ధతి అది. క్లాసుని జట్లుగా చేస్తారు, అల్లరి పిల్లల్ని అన్ని జట్లలోకీ సర్దుతారు, ఎవరైనా నియమం తప్పితే ఆ జట్టుకి బోర్డు మీద ఒక గీత. గీతలు పరిమితి దాటని జట్లన్నీ గెలిచినట్టే, కాబట్టి ఒకళ్లు ఓడితేనే ఇంకొకళ్లు గెలవాలన్న పోటీ లేదు. మొదట్లో వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలు, అంతే. ఆ పిల్లలకు 19–21 ఏళ్లు వచ్చాక మళ్లీ కలిసి చూస్తే, ఆట ఆడిన క్లాసులవాళ్లలో డ్రగ్స్ అలవాటు తక్కువగా కనిపించింది, ఆ మేలు ఒకటో తరగతిలో అందరికంటే దుడుకుగా ఉన్న మగపిల్లలకే ఎక్కువగా దక్కింది.