వంతెన సిద్ధం, రైళ్లేవీ? బెంగళూరు మెట్రో ఎల్లో లైన్ ఆలస్యం వెనక కథ

ఆర్‌వీ రోడ్డు నుంచి సిల్క్ బోర్డ్, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా ఎల్లో లైన్ 19 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో రోజూ చిక్కుకునే తెలుగువాళ్లు ఇన్నేళ్లూ ఎదురుచూసింది దీనికోసమే. 2014లో కేంద్రం ఆమోదించిన మెట్రో రెండో దశలో భాగమిది. తెరుచుకున్నది 2025 ఆగస్టు 10న.

భూసేకరణ, పిల్లర్ల పని నెమ్మదిగా సాగిన మాట నిజమే. కానీ 2024 మొదలయ్యేసరికి సివిల్ పనులు దాదాపు ముగిశాయి. ఆ తర్వాతి ఏడాదిన్నర జాప్యం రైళ్లు లేక జరిగింది.

2019 డిసెంబరులో చైనా సంస్థ సీఆర్‌ఆర్‌సీకి 216 కోచ్‌ల ఆర్డరు వెళ్లింది. ఆరేసి కోచ్‌ల చొప్పున 36 రైళ్లు. వాటిలో 15 ఎల్లో లైన్‌కి, మిగతా 21 పాత లైన్లయిన పర్పుల్, గ్రీన్‌లకి. ఎక్కువ భాగం ఇక్కడే తయారవ్వాలన్నది షరతు. అందుకోసం అనుకున్న చోటు మన శ్రీసిటీ. 2020 ఏప్రిల్‌లో సరిహద్దు దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరైంది. ఆ వేసవిలోనే చైనాతో గల్వాన్ ఘర్షణ. ఫ్యాక్టరీ రాలేదు. చివరికి కోల్‌కతా దగ్గరి టిటాగఢ్ సంస్థ భాగస్వామిగా వచ్చింది. చైనాలో చేసిన నమూనా రైలు 2024 ఫిబ్రవరిలో చెన్నై రేవు మీదుగా నగరం చేరింది. టిటాగఢ్ తొలి రైలు 2025 జనవరిలో గాని బయల్దేరలేదు.

పాత లైన్ల రైళ్లు తెచ్చి నడపొచ్చు కదా అని చాలామంది అడిగారు. కుదరదు. పర్పుల్, గ్రీన్ లైన్ల సిగ్నల్ వ్యవస్థ వేరు. ఎల్లో లైన్‌లో రైలు, కంట్రోల్ రూమ్ రేడియో ద్వారా నిరంతరం సమాచారం మార్చుకునే సీబీటీసీ పద్ధతి. ఆ పరికరాలు పాత రైళ్లలో లేవు. పైగా వైట్‌ఫీల్డ్ దాకా పెరిగిన పర్పుల్ లైన్‌కే అప్పట్లో రైళ్లు చాలలేదు.

నమూనా వచ్చాక కూడా దూకుడు పనికిరాదు. బ్రేకులు, సిగ్నల్‌తో అనుసంధానం, నడిచేటప్పుడు రైలు ఎంత ఊగుతుందో చూసే ఆర్‌డీఎస్‌ఓ (రైల్వే పరిశోధన సంస్థ) పరీక్షలు, రైల్వే బోర్డు అనుమతి, చివర్లో భద్రతా కమిషనర్ తనిఖీ. ఇవన్నీ నెలల పని. అందుకే పిల్లర్లు లేస్తున్నప్పుడే నమూనా రైలు డిపోలో ఉండాలి.

మూడు రైళ్లతో మొదలైంది కాబట్టి 25 నిమిషాలకొకటి నడిచింది. అంటే ఒక రైలు పోయి తిరిగి రావడానికి సుమారు 75 నిమిషాలు. ఐదు నిమిషాలకొకటి కావాలంటే 15 రైళ్లూ పట్టాల మీదే ఉండాలి, మరమ్మతుకి ఒక్కటీ మిగలదు. రెండు రైళ్లు డిపోలో ఉంచితే సుమారు ఆరు నిమిషాలకొకటి. ఇది ఆర్డరు రోజునే తేలిన లెక్క.

మా అభిప్రాయం ఒకటే. ఫ్యాక్టరీ ఇంకా కట్టని సంస్థకి ఒకే టెండరులో మూడు లైన్ల రైళ్లు అప్పగించకూడదు. ఫ్యాక్టరీ గడువు తప్పితే ఆర్డరులో కొంత భాగం మరో సంస్థకి మళ్లించే హక్కు ఒప్పందంలోనే ఉండాలి. పింక్, బ్లూ లైన్ల 318 కోచ్‌లు 2023లో బెంగళూరు సంస్థే అయిన బీఈఎంఎల్‌కి వెళ్లాయి. ఫ్యాక్టరీ బెడద అక్కడ లేదు. పరీక్షల కాలం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. నెలవారీ ప్రగతి నివేదికలో పిల్లర్ల శాతం పక్కనే ఎన్ని రైళ్లు తయారయ్యాయో, ఏ పరీక్ష దాటాయో కూడా ప్రచురించాలి.