బిస్మిల్లా కనిపించిన ప్రతి కాగితమూ ఖురాన్ కాదు: పాత అరబీ లిపి పుస్తకాలపై అపోహలు - వాస్తవాలు

తాతల నాటి సందూకలోంచి అరబీ లిపి కట్ట బయటపడగానే ఇంట్లో రెండే మాటలు వినిపిస్తాయి. ‘‘ఖురాన్ షరీఫ్, ముట్టుకోకండి, దఫన్ చేయిద్దాం (పూడ్చిపెట్టిద్దాం).’’ లేదంటే ‘‘వెయ్యేళ్లదట, కోట్లు పలుకుతుందట.’’ రెండోది నాలుగు రోజులు ఆశపెట్టి వదిలేస్తుంది. మొదటిదానితో పోయినవి మళ్లీ దొరకవు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: పైన బిస్మిల్లా ఉంటే అది ఖురానే.

వాస్తవం: బిస్మిల్లాతో, అంటే ‘అల్లా పేరుతో’ అన్న వాక్యంతో మొదలుపెట్టడం రాసేవాళ్లందరి ఆనవాయితీ. యునానీ హకీము రాసుకున్న నుస్ఖాలు (మందుల వివరాలు), లెక్కల పుస్తకం, షాయరీ, నికానామా, ఇల్లు అమ్మిన కబాలా పత్రం, తమ్ముడు అన్నకు రాసిన జాబు, అన్నీ అలాగే మొదలవుతాయి. కొన్నింటి మీద మాటలకు బదులు 786 అని ఉంటుంది. బిస్మిల్లా వాక్యంలోని అక్షరాలకు అబ్జద్ పద్ధతిలో ఉన్న విలువలు కూడితే వచ్చే మొత్తం అది. దాన్నే సంవత్సరంగా చదివి ‘క్రీ.శ. 786 నాటి ప్రతి’ అని ప్రచారం చేసేవాళ్లకు ఏం చెప్పాలి!

లిపి ఒకటైనా భాషలు వేరు. నిజాం రాజ్యంలో 1880ల్లో ఉర్దూ వచ్చేదాకా సర్కారీ భాష ఫార్సీ. ఇనాం సనదులు, జాగీరు కాగితాలు, కాజీ మొహరు (ముద్ర) వేసిన దస్తావేజులు అందులోనే ఉన్నాయి. వాటిని భక్తితో పూడ్చిపెట్టాక, భూమి తగాదా వచ్చిన రోజున వెతికితే ఏం లాభం?

తేల్చుకోవడానికి అరబీ రానక్కర్లేదు. ముందు హర్కత్, అంటే అక్షరాలకు పైనా కిందా పెట్టే స్వర గుర్తులు చూడండి. ఖురాన్‌లో జబర్, జేర్, పేష్ గుర్తులు దాదాపు ప్రతి అక్షరానికీ ఉంటాయి. ఆయత్ (వాక్యం) ముగిసినచోట చిన్న గుండ్రటి గుర్తు, మన దేశపు ప్రతుల్లో రుకూ (కొన్ని ఆయత్‌ల భాగం) పూర్తయినచోట అంచున ‘ఐన్’ అక్షరం, ప్రతి సూరా (అధ్యాయం) మొదట్లో పేరున్న పట్టీ ఉంటాయి. ఈ నాలుగూ కలిసి కనిపిస్తే ఖురానే. హర్కత్ లేకుండా ఏటవాలుగా జారే నస్తాలీఖ్ రాతైతే ఫార్సీయో ఉర్దూయో అయ్యే అవకాశం ఎక్కువ. మాటకు మాట అతుక్కుపోయిన షికస్తా, అంటే మన గొలుసుకట్టు రాత లాంటిదైతే, అది జాబో దస్తావేజో. అరబీలో పే, చే, గాఫ్ అక్షరాలు లేవు కాబట్టి అవి కనిపిస్తే భాష వేరని అర్థం. అయితే పాత రాతలో గాఫ్‌కు రెండో గీత పెట్టేవారు కాదు, అప్పుడది అరబీ కాఫ్‌లాగే ఉంటుంది. ఆ ఒక్క అక్షరం కనబడలేదని తీర్పు చెప్పేయకండి.

తికమక పెట్టేవి రెండున్నాయి. పెద్ద నల్లటి వరస కింద చిన్న ఎర్రటి వరస నడుస్తుంటే అది తర్జుమాతో ఉన్న ఖురాన్. అక్కడక్కడ కొన్ని మాటలకే హర్కత్ ఉండి, వాటిపై ఎర్ర గీత ఉంటే ఖురాన్‌ను ఉదహరించిన మరో పుస్తకం. తఫ్సీర్ (ఖురాన్ వ్యాఖ్య) కావచ్చు, ఫిఖహ్ (ధర్మశాస్త్రం) కావచ్చు.

చిరిగిన ఖురాన్‌ను శుభ్రమైన గుడ్డలో చుట్టి, కాలు పడని చోట పూడ్చడం హనఫీ సంప్రదాయపు ఉలమా (మత పండితులు) చెప్పే పద్ధతే, తప్పేం లేదు. కానీ దాచిపెట్టడమూ ఉంది. యెమెన్‌లోని సనా పెద్ద మసీదులో పాత పుటలను పైకప్పు సందులో దాచారు. 1972లో మరమ్మతులప్పుడు బయటపడిన ఆ తోలు పుటల్లో 7వ శతాబ్దపువీ ఉన్నాయి. ఒక ప్రతిలోనైతే ముందు రాసింది చెరిపి, దానిమీదే మళ్లీ రాశారు. ఇంట్లో ఉంచుకుంటే పాపం తగులుతుందేమోనని వణికే పెద్దవాళ్లను కసరకండి. అదేమిటో తెలుసుకున్నాక పూడ్చినా ఏ దోషమూ లేదని చెప్పండి, చాలు.

అపోహ: 1200 అని రాసి ఉంది కాబట్టి ఎనిమిది వందల ఏళ్లనాటిది.

వాస్తవం: అది హిజ్రీ, ముస్లింల చాంద్రమాన సంవత్సరం. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1200 హిజ్రీ అంటే 1785-86. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు పొట్టిది కాబట్టి నేరుగా 622 కలిపితే 1822 వచ్చి, ముప్పై ఆరేళ్లు తేడా కొడుతుంది.

హైదరాబాదు కాగితాలకు ఇంకో చిక్కుంది, ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన రెవెన్యూ సంవత్సరం. దానికి 590 కలిపితే సరి: ఫసలీ 1357 అంటే 1947-48. ఏది ఏదో నెల పేరే చెబుతుంది. ముహర్రం, సఫర్ అని ఉంటే హిజ్రీ. ఆజుర్, దై, బహ్మన్ అని ఉంటే ఫసలీ. మొహరులోని సంవత్సరం మొహరుదే, పుస్తకానిది కాదు. పుస్తకం తేదీ చివరి పుటలో, గరాటులా సన్నబడుతూ వచ్చే వరసల్లో ఉంటుంది. లేఖరి పాత ప్రతి ముగింపును తేదీతో సహా దింపేసిన సందర్భాలూ ఉన్నాయి. కాగితాన్నీ రాతనూ పోల్చకుండా నమ్మకండి.

అపోహ: చేతిరాతలా ఉంది కాబట్టి రాతప్రతే.

వాస్తవం: 19వ శతాబ్దపు ఉర్దూ, ఫార్సీ పుస్తకాల్లో చాలావరకు రాతి అచ్చువే. కాతిబ్ (లేఖరి) రాసినదాన్ని రాతిమీదికి దించి వందల ప్రతులు తీసేవారు. చివర్లోనో ముఖపత్రం మీదో ‘మత్బా’ (ముద్రణాలయం) అన్న మాట ఉంటే అచ్చు పుస్తకం. రాతప్రతినైతే ఏటవాలు వెలుతురులో పట్టి చూడండి. సిరా లేకుండా నొక్కుడు పడ్డ వరసలు కనిపించవచ్చు. అట్టమీద దారాలు బిగించిన మిస్తర్‌పై కాగితం పెట్టి, వేలితో రుద్ది ఆ గీతలు వేసేవారు.

భద్రపరచడంలో తప్పులు మూడు. తడిగుడ్డతో తుడవడం ఒకటి. మసి, జిగురు కలిపిన సిరా నీళ్లు తగిలితే కరిగి పారుతుంది. సెల్లోటేపు రెండోది, దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. మూడోది అట్టకు నాలుకలా వేలాడే మడతను ‘అడ్డం’ అని కోసేయడం; పుటల అంచుకు దుమ్ము పట్టకుండా కాచేది అదే. ఆకుపచ్చ గీత వెంబడి కాగితం చిట్లితే పురుగును తిట్టకండి. ఆ జంగారు రంగు రాగి చిలుముతో చేసినది, అదే కాగితాన్ని తింటుంది. మొదటి పుటలో ‘యా కబీకజ్’ అని ఉంటే రచయిత పేరనుకునేరు! పుస్తకాన్ని తినొద్దని పురుగులకు చెప్పే రక్షామంత్రం అది.

ఫార్వర్డుల్లో తిరిగేవి ఒక్క ముక్కలో. ఖలీఫా ఉమర్ అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని తగలబెట్టించాడన్న కథ ఆ సంఘటన జరిగిందనే కాలానికి సుమారు ఆరు వందల ఏళ్ల తర్వాతి రాతల్లోగానీ కనిపించదు. ‘చైనా వెళ్లైనా విద్య నేర్వండి’ని హదీసు పండితుడు ఇబ్నుల్ జౌజీ కల్పిత హదీసుల్లో, అంటే ప్రవక్త పేరుతో పుట్టించిన మాటల్లో చేర్చారు. విద్యార్జన ప్రతి ముస్లింపై విధి అన్నది ఇబ్నె మాజా హదీసుల సంకలనంలో ఉంది, సభల్లో అది చెప్పుకోండి. బగ్దాద్‌లో గ్రీకు వైద్యాన్ని అరబీలోకి తెచ్చిన హునైన్ ఇబ్నె ఇస్‌హాక్ క్రైస్తవుడు. ‘వాళ్లవన్నీ మతగ్రంథాలే’ అనేవాళ్లకు ఆ ఒక్క పేరు చాలు.

అమ్మే ఆలోచన ఉంటే: 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువే, సొంతంగా విదేశాలకు పంపడం నేరం. వక్ఫ్ (ధర్మార్థం అంకితం చేసిన ఆస్తి) ముద్ర ఉన్నదాన్ని అసలు అమ్మనే కూడదు. ఎవరికైనా చూపించాలంటే మొదటి రెండు పుటలు, చివరి రెండు, ప్రతి మొహరు, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. పుస్తకం కుడివైపు నుంచి మొదలవుతుంది. విడిపోయిన పుటల వరస మార్చకండి. పుట అడుగున ఎడమ మూలలో ఒంటరిగా ఉన్న మాట తర్వాతి పుటలోని మొదటి మాటే. పుట సంఖ్యలు లేనిచోట వరస కుదరాలంటే దాన్ని పట్టుకునే కూర్చాలి.