పాపులర్ పేరు పెడితే నిజంగా ఏమవుతుంది? రికార్డ్స్ సెక్షన్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను హాస్పిటల్లో మెడికల్ రికార్డ్స్ చూస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేర్లతోనే పని, ఈ ఫైలు ఆ మనిషిదేనా, ఈ ఇద్దరూ వేరువేరా లేక ఒక్కరేనా, ఒకే మనిషికి రెండు నంబర్లు ఎలా వచ్చాయి, ఇవే గొడవలు. అందుకే తెలిసినవాళ్ళలో ఎవరికి బేబీ పుట్టబోతున్నా నాకో ఫోన్ వస్తుంది, "ఈ పేరు మరీ కామన్ అయిపోయిందంటావా?" అని. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. పేరు బాగుందా లేదా అన్నది మీ ఇష్టం, అందులో నేను వేలు పెట్టను. కామన్ పేరు వల్ల ఎక్కడ ఇబ్బంది, ఎక్కడ ఉత్తి భయం, అదొక్కటే చెప్తా.

అపోహ: నంబర్ వన్ పేరు పెడితే క్లాసులో అదే పేరుతో నలుగురుంటారు

పాత తరాలకి ఇది నిజమే. అమెరికా సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ వాళ్ళు 1880 నుంచి ఏ ఏడాది ఏ పేరు ఎంతమందికి పెట్టారో లెక్కలు పబ్లిక్‌గా ఉంచారు, ఖాళీగా ఉన్నప్పుడు చూడండి, టైమ్ తెలీదు. 1880లో మగపిల్లల్లో నూటికి ఎనిమిది మంది జాన్‌లు, ఆడపిల్లల్లో నూటికి ఏడుగురు మేరీలు. 1947లో ఒక పాట హిట్టయ్యి లిండా అనే పేరు ఎగిరి ఫస్ట్ ప్లేస్‌లో కూర్చుంది, ఆ ఏడాది పుట్టిన ఆడపిల్లల్లో నూటికి ఐదుగురి పైనే లిండాలు. మరి ఇప్పుడు? 2017 నుంచి 2024 దాకా మగపిల్లల్లో వరసగా ఫస్ట్ వచ్చింది లియామ్, కానీ వాటా చూస్తే నూటికి ఒక్కడు, కాస్త అటూ ఇటూ. ఫస్ట్ ర్యాంక్ అన్న మాట అదే, దాని వెనకున్న జనం మాత్రం ఎప్పుడో తగ్గిపోయారు, ఎందుకంటే ఇప్పుడు అమ్మానాన్నలు వాడే పేర్లు అన్ని రకాలున్నాయి.

లెక్క వేసి చూద్దాం. క్లాసులో మీవాడితో కలిపి 15 మంది మగపిల్లలు ఉన్నారనుకోండి. వాడి పేరు నూటికి ఒకరికుండే పేరైతే మిగతా 14 మందిలో కనీసం ఒక్కడికైనా అదే పేరుండే ఛాన్స్ 13 శాతం. నూటికి ఐదుగురికుండే పేరైతే 51 శాతం. ఈ రెండో అంకె మన పెద్దవాళ్ళు చూసిన లోకం, మొదటిది ఇప్పటి లోకం.

ఇందులో ఒక మెలిక ఉంది. దేశం మొత్తం మీద తీసిన లెక్క మీ వీధికి అచ్చం అలాగే సరిపోదు. ఒకే వయసు, ఒకే రకం చదువు, ఒకే రకం టేస్ట్ ఉన్నవాళ్ళు ఒకే చోట ఇళ్ళు తీసుకుంటారు, వాళ్ళకి నచ్చే పేర్లూ ఒకలాగే ఉంటాయి, అందుకే లిస్టులో ఎక్కడో 200వ ప్లేస్‌లో ఉన్న పేరు మీ ఫ్రెండ్స్‌లోనే ముగ్గురి పిల్లలకుంటుంది. నన్నడిగితే ర్యాంకు కన్నా పక్క ప్లేస్కూల్లో పిల్లల పేర్లు కనుక్కోవడం మేలు.

అపోహ: పాపులర్ పేరే పెట్టి స్పెల్లింగ్ మార్చేస్తే యూనిక్ అయిపోతుంది

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా, నా పనిలో తలనొప్పి చాలావరకు ఇక్కడ్నుంచే వస్తుంది కాబట్టి.

ముందు లిస్టుల సంగతి. ప్రభుత్వాలు పెట్టే ర్యాంకుల్లో చాలావరకు ఒక్కో స్పెల్లింగ్‌ని ఒక్కో పేరుగా లెక్కేస్తారు. ఇంగ్లాండ్, వేల్స్‌లో 2023లో మగపిల్లల్లో ఫస్ట్ వచ్చింది ముహమ్మద్, 4,661 మంది, అదీ ఒక్క స్పెల్లింగ్‌కే. అదే పేరు ఇంకో రెండు స్పెల్లింగ్‌లలో విడిగా మళ్ళీ టాప్ 100లో ఉంది. అమెరికా లిస్టులో సోఫియా కూడా అంతే, పీహెచ్‌తో ఒకటి, ఎఫ్‌తో ఒకటి, రెండూ పైవరసలోనే. అంటే లిస్టు చూసి "పర్లేదు, పదో ప్లేస్‌లోనే ఉంది" అనుకున్న పేరుని పిలుపు ప్రకారం కలిపి చూస్తే ఇంకా పైకి పోవచ్చు. స్పెల్లింగ్ కాగితం మీదే కదా, వెయిటింగ్ హాల్లో నర్సు గట్టిగా పిలిస్తే ముగ్గురు తల్లులు లేస్తారు.

ఇక కంప్యూటర్. పేర్లని శబ్దం బట్టి వెతికే పద్ధతి ఒకటుంది, సౌండెక్స్ అంటారు, 1918లో పేటెంట్ తీసుకున్నారు, దాని పిల్లలూ మనవళ్ళూ ఇప్పటికీ రకరకాల సాఫ్ట్‌వేర్లలో ఉన్నారు. మొదటి అక్షరం ఉంచుతుంది, అచ్చులు తీసేస్తుంది, దగ్గరగా పలికే హల్లులకి ఒకే అంకె ఇస్తుంది. లియామ్‌ని ఐ పెట్టి రాయండి, వై పెట్టి రాయండి, రెండిటికీ ఎల్ 500 అనే కోడే వస్తుంది. ఇంకా చిత్రం, లియాన్‌కీ అదే వస్తుంది, ఎందుకంటే దానికి ఎమ్ అన్నా ఎన్ అన్నా ఒకటే. మీరు కూర్చుని కష్టపడి వేసిన ఆ వై అక్షరాన్ని మిషన్ మొదటి అడుగులోనే తీసి పారేసింది.

మరి ఇలా వెతకని సిస్టమ్ అయితే? అప్పుడు ఇంకా కష్టం. రాత్రి రెండింటికి జ్వరంతో బేబీని తీసుకొస్తారు, కౌంటర్లో కుర్రాడు పేరు విని అందరూ రాసే స్పెల్లింగ్ కొడతాడు, పాత రికార్డు రాదు, వెనక లైను పెరుగుతుంటుంది, "ఫస్ట్ టైమ్ వచ్చారా" అని కొత్త నంబర్ ఇచ్చేస్తాడు. దీన్నే మేం డూప్లికేట్ అంటాం. పాత ఫైల్లో ఫలానా మందు పడదని రాసుంటుంది, కొత్త ఫైల్లో అది ఖాళీ. మేం తర్వాత తీరిగ్గా రెండూ కలుపుతాం, కానీ ఆ రాత్రి డాక్టర్ ముందున్నది ఖాళీ పేజీ. నా లెక్కలో కామన్ పేరుకి తిప్పలుపెట్టే స్పెల్లింగ్ అంటే రెండు వైపులా నష్టమే, పిలిస్తే గుంపులో ఉంటాడు, వెతికితే దొరకడు.

అపోహ: కామన్ పేరైతే రిపోర్టులు తారుమారవుతాయి, రేర్ పేరైతే సేఫ్

ఒకే పేరున్నవాళ్ళు ఎంతమంది ఉంటారో తెలియాలంటే అమెరికాలో హ్యూస్టన్ సంగతి వినండి. అక్కడి హ్యారిస్ కౌంటీ హాస్పిటల్స్ డేటాబేస్‌లో 34 లక్షల పైచిలుకు పేషెంట్లుంటే అందులో మరియా గార్సియా పేరుతో 2,488 మంది, వాళ్ళలో 231 మందికి ఇంకో మరియా గార్సియాతో పుట్టినతేదీ కూడా కలిసింది. మా ఫీల్డ్‌లో ఈ లెక్క చాలామందికి తెలుసు. గమనించండి, మరియా ఒక్కటే కాదు, గార్సియా కూడా కామనే. చిక్కు మొదటి పేరుది కాదు, మొత్తం పేరుది. ఇంటిపేరు అరుదైనదైతే మొదటి పేరు ఎంత పాపులరైనా మాకు నిద్ర చెడదు. ఇంటిపేరు మరీ ఎక్కువమందికి ఉండేదైతే మాత్రం మొదటి పేరు కాస్త వేరుగా చూసుకోండి, లేదా మధ్యలో ఇంకో పేరు పెట్టండి. అది ఫారంలో మాత్రమే ఉన్నా చాలు.

మనిషిని గుర్తుపట్టడానికి పేరొక్కటే చూడకూడదు, కనీసం రెండు గుర్తులు సరిచూడాలి, పేరుతో పాటు పుట్టినతేదో రికార్డు నంబరో. ఎవరో తెలీని ఇంకో లియామ్ దగ్గర ఈ రెండో గుర్తు కాపాడుతుంది. కాపాడనిది ఎక్కడో తెలుసా, ట్విన్స్ దగ్గర. ఒకే ఇంటిపేరు, ఒకే తేదీ, ఒకే అడ్రస్, ఒకే ఫోన్ నంబర్, చాలాసార్లు ఇద్దరూ మగపిల్లలో ఇద్దరూ ఆడపిల్లలో, పైగా ముచ్చటగా ఉందని ఒక్క అక్షరం తేడాతో ప్రాసపేర్లు పెడతారు. ఆ పేర్లు ప్రపంచంలో ఇంకెవరికీ లేకపోవచ్చు, అయినా నన్ను భయపెట్టేవి అవే. ట్విన్స్‌కి మొదటి అక్షరమన్నా వేరుగా ఉండేలా చూడండి, ఇదొక్కటీ బతిమాలి చెప్తున్నా.

అపోహ: మంచి పేరు దొరికేదాకా బేబీకి పేరు లేకపోతే ఏం పోతుంది

కొన్ని రోజులైతే ఏమీ పోదు. కానీ పేరు లేని బేబీ పేరు మా సిస్టమ్‌లో ఏమని ఉంటుందో ఆలోచించారా? "బేబీ బాయ్", "బేబీ గర్ల్". వార్డు నిండా అవే. ప్రపంచంలో అన్నిటికన్నా పాపులర్ పేరు అదే అనుకోండి. 2015లో పీడియాట్రిక్స్ జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది, ఎన్‌ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో, ఉత్త "బేబీ గర్ల్" అని కాకుండా తల్లి మొదటి పేరు కలిపి ఫలానా ఆమె పాప అని రాస్తే, ఒకరికి రాయాల్సిన మందులు, టెస్టుల ఆర్డర్ ఇంకొకరికి రాసే తప్పులు దాదాపు 36 శాతం తగ్గాయి. ఆ తర్వాత అమెరికాలో హాస్పిటల్స్‌కి అక్రెడిటేషన్ ఇచ్చే జాయింట్ కమిషన్ 2019 నుంచి పుట్టిన పిల్లలకి ఇలా విడిగా తెలిసే పేర్లు రాయాలని రూల్ పెట్టింది. మీ బేబీ ఎక్కువ రోజులు హాస్పిటల్లో ఉండాల్సి వస్తే బేబీకి కట్టిన పేరు బ్యాండ్ మీద ఏం రాశారో ఒకసారి చదవండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అపోహ: పాపులర్ పేరు తొందరగా పాతబడిపోతుంది

పాపులర్ అయినందుకు కాదు, ఎంత స్పీడుగా పాపులర్ అయిందన్నదాన్ని బట్టి. 2009లో జోనా బర్గర్, గయేల్ లె మెన్స్ అనే ఇద్దరు ఫ్రాన్స్, అమెరికా పేర్ల లెక్కలు వందేళ్ళకి పైగా చూసి తేల్చింది ఇదే, గబగబా పైకెళ్ళినవి గబగబా కిందకొచ్చాయి. మైకేల్ చూడండి, 1954 నుంచి 1998 దాకా ఒక్క 1960 తప్ప ప్రతి ఏడాదీ ఫస్టే. ఆ పేరు విని మనిషి వయసు చెప్పలేం. అదే లిండా అనగానే వయసు అంచనా వేసేయొచ్చు. కాబట్టి చూడాల్సింది ఈ ఏడాది ర్యాంకు కాదు, పదేళ్ళ కిందట ఎక్కడుందో. పదేళ్ళ కిందట లిస్టులోనే లేకుండా ఇప్పుడు టాప్‌లో ఉంటే నేనైతే ఒకసారి ఆగుతా.

ఇంత చూసుకున్నా చేతిలో లేనివి ఉంటాయి. అలెక్సా అని చక్కగా పేరు పెట్టుకున్నవాళ్ళు స్పీకర్ డబ్బా ఆ పేరుతో వస్తుందని కలగన్నారా ఏంటి. 2015 తర్వాత అమెరికాలో ఆ పేరు పెట్టడం బాగా పడిపోయింది.

అపోహ: రేర్ పేరుంటేనే గుర్తింపు, కామన్ పేరుంటే పైకి రారు

పేరు మన వృత్తిని లాగుతుందని, డెనిస్‌లు డెంటిస్టులవుతారని 2002లో ఒక పేపర్ వచ్చి బాగా పాకింది. 2011లో ఉరి సైమన్‌సన్ అనే ఆయన మళ్ళీ లెక్కలు తీసి డెనిస్‌లు లాయర్లలో కూడా ఎక్కువే ఉన్నారని చూపించాడు, అంటే ఆ వయసువాళ్ళలో ఆ పేరే ఎక్కువ, అంతే. దీని మీద ఇంక టైమ్ వేస్ట్.

గుర్తింపు సంగతి మాత్రం రెండు వైపులా ఉంది. లోకంలో ఒక్కరికే ఉన్న పేరుని సర్చ్‌లో కొడితే స్కూల్లో చేసిన చిల్లర పని నుంచి పాత ఫొటోల దాకా అన్నీ వాడివే వస్తాయి. కామన్ పేరు వాడు ఆ గుంపులో హాయిగా దాక్కుంటాడు. సోషల్ సెక్యూరిటీ లిస్టులో ఐదుగురి కన్నా తక్కువమందికి పెట్టిన పేర్లు అసలు చూపించరు, కారణం ప్రైవసీనే.

ఏ పేరైనా ఫైనల్ చేసేముందు మొత్తం పేరు ఇంటిపేరుతో సహా ఫోన్లో ఒక తెలీని మనిషికి చెప్పి రాయించి చూడండి, తిరిగి చదివించుకోండి, ఎక్కడ తప్పు రాస్తారో అక్కడే జీవితాంతం రాస్తారు. మరీ పొడుగైతే బ్యాండ్ మీద, స్క్రీన్ మీద సగంలో తెగిపోతుంది, అది కూడా చూసుకోండి. స్పెల్లింగ్ ఏదైనా సరే ఇంట్లో ఇద్దరూ ఒక్కటే అనుకుని, కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి, బర్త్ సర్టిఫికెట్ ఫారం నింపే మనిషికి నోటితో చెప్పకుండా ఆ కాగితమే ఇవ్వండి, ప్రింట్ చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి ఒక్కో అక్షరం చదవండి. తర్వాత దిద్దించుకోవాలంటే మళ్ళీ అప్లికేషన్లు, ప్రూఫులు, ఈలోపు వ్యాక్సిన్ కార్డు మీద ఒక స్పెల్లింగ్, ఇన్సూరెన్స్‌లో ఇంకో స్పెల్లింగ్ పడిపోతాయి.