7,682 లీటర్లంటే ఎన్ని కిలోలు?

1983 జులై 23. కెనడాలోని మాంట్రియల్ నుంచి ఎయిర్ కెనడా 143వ నంబరు విమానం బయల్దేరాలి. బోయింగ్ 767, అప్పటికి సరికొత్త రకం. ఇంధనం చూపించే గేజీలు పనిచేయకపోవడంతో సిబ్బంది ట్యాంకులను విడిగా కొలిచారు. 7,682 లీటర్లు ఉన్నాయి. ఎడ్మంటన్ దాకా వెళ్లడానికి కావాల్సింది 22,300 కిలోలు. లీటర్లను కిలోల్లోకి మార్చి, తక్కువైనది పోయించుకుంటే పని అయిపోతుంది.

కాగితం మీద గుణకారం చేశారు. లీటరుకు 1.77 చొప్పున 13,597 వచ్చింది. ఉండాల్సిన దాంట్లోంచి అది తీసేసి, మిగిలిన దానికి సరిపడా మరో 4,916 లీటర్లు పోయించారు. కాస్త అనుమానం వచ్చి మళ్లీ లెక్క చూసుకున్నారు కూడా. రెండోసారీ అదే 1.77తో గుణించారు.

1.77 అన్నది లీటరు ఇంధనం బరువు, పౌండ్లలో. కిలోల్లో అయితే 0.8కి కాస్త ఎక్కువ. అసలు పోయాల్సింది సుమారు 20 వేల లీటర్లు. సగం ఇంధనంతో ఎగిరిన విమానానికి దారి మధ్యలో, ఆకాశంలోనే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కి గ్లైడర్లు, అంటే ఇంజన్ లేకుండా గాలిలో తేలే విమానాలు నడిపిన అనుభవం ఉంది. గిమ్లీ అనే ఊళ్లో, కార్ల రేసులకు వాడుకుంటున్న పాత ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద దించేశాడు. 69 మందీ బతికి బయటపడ్డారు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ పైలట్ నేర్పరితనం దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం ఆ గుణకారమే ముఖ్యం అనిపిస్తుంది. పాత విమానాల్లో ఆ లెక్క ఫ్లైట్ ఇంజనీరు చూసుకునేవాడు. 767లో ఆ ఉద్యోగమే లేదు, ఇద్దరు పైలట్లే. ఇక లెక్క ఎవరు చేయాలి? పైలట్లకూ సరిగా నేర్పలేదు, కింద ఉండే సిబ్బందికీ నేర్పలేదు. పైగా ఆ సంస్థలో మిగతా విమానాలన్నీ పౌండ్లలో నడుస్తుంటే, ఇదొక్కటే కిలోల్లో వచ్చింది.

కెనడా అప్పటికే పదమూడేళ్లుగా పౌండ్లు, మైళ్లు వదిలి మెట్రిక్‌కి, అంటే కిలోలు, కిలోమీటర్ల పద్ధతికి మారుతోంది. 1970లో ప్రభుత్వం విధానం ప్రకటించింది. 1975లో వాతావరణ వార్తలు సెల్సియస్‌లోకి, 1977లో రోడ్డు బోర్డులు కిలోమీటర్లలోకి వచ్చాయి. బోర్డు మార్చడం తేలికే. దాన్ని చూసి పని చేసే మనిషి చెయ్యి మారడమే కష్టం.

మన సంగతీ అంతే. 1956లో చట్టం చేసి, 1958 నుంచి మెట్రిక్ తూకాలు తెచ్చారు. వీశెలు, మణుగులు పోయాయి. తులం మాత్రం పోలేదు. పదకొండు గ్రాములు దాటి ఉండేది కాస్తా పది గ్రాములకు తగ్గి, బంగారం కొట్లో హాయిగా కూర్చుంది. ఇళ్ల స్థలాలు నేటికీ గజాల్లోనే కదా!

అమెరికాలో చిక్కు ఇంకో రకం. 1975లో చట్టమైతే చేశారు గానీ, ఇష్టమైతేనే మారండి అన్నారు. చూసుకోవడానికి పెట్టిన మెట్రిక్ బోర్డును 1982లో ఎత్తేశారు. కార్ల కంపెనీలు మాత్రం విదేశీ వ్యాపారం కోసం మిల్లీమీటర్లకు మారిపోయాయి. దాంతో అక్కడి కార్మికుడు డ్యూటీలో మిల్లీమీటర్లు, ఇంటికెళ్తే అంగుళాలు. బడిలో చదివింది అరకొర. కాబట్టి నేర్పే భారం కంపెనీ మీద పడింది.

ఎలా నేర్పారు? చాలాకాలం మార్పిడి పట్టికలు గోడకు అంటించారు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, పౌండుకు 0.4536 కిలోలు. నా ఉద్దేశంలో అదే పెద్ద పొరపాటు. పట్టిక పట్టుకున్నవాడు ఎప్పటికీ అంగుళాల్లోనే ఆలోచిస్తాడు, అవసరమైతే గుణిస్తాడు. గుణకారం ఎలా తప్పుతుందో మాంట్రియల్‌లో చూశాం. ఆస్ట్రేలియాలో 70లలో ఇళ్లు కట్టే రంగం వాళ్లు తెలివిగా నేరుగా మిల్లీమీటర్లలోకి దిగిపోయారు. ప్లాన్లలో సెంటీమీటరు కూడా వద్దన్నారు. దశాంశ చుక్కల గోల తప్పింది.

పట్టిక బదులు ఆటలు ఆడించి కొలతలు నేర్పాలనే ఆలోచన ఇక్కడే పనికొస్తుంది. అదేమీ కొత్తది కాదు. 1929లో ఎడ్విన్ లింక్ విమాన శిక్షణ యంత్రం తయారుచేస్తే, మొదట్లో కొన్నది ఎగ్జిబిషన్ల లాంటి వినోద పార్కులవాళ్లే. 1934లో అమెరికా సైన్యం కొన్న తర్వాతే అది శిక్షణ పరికరం అయింది. విమానం నడపడం నేలమీదే నేర్పే సిమ్యులేటర్లన్నీ దాని వారసులే. విచిత్రం ఏమిటంటే, గిమ్లీ నాటికి విమానం నడపడానికి సిమ్యులేటర్లు ఉన్నాయి. ఇంధనం లెక్కేయడానికి మాత్రం ఆ సిబ్బందికి సాధన లేదు.

ఇప్పటి ఈ-లెర్నింగ్ గేముల్లో, అంటే కంప్యూటర్ మీద ఆడుతూ నేర్చుకునేవాటిలో, బాగున్నవి పట్టిక చూపించవు. తెర మీద ఒక డబ్బా పెట్టి బరువెంతో చెప్పమంటాయి. అంచనా తప్పితే తూకం ముల్లు ఎక్కడుందో చూపించి ఇంకోటి పెడతాయి. ఇరవైసార్లు ఆడేసరికి కిలో అంటే చేతికి తెలిసిపోతుంది. అంకెలు బట్టీ పట్టించి పాయింట్లు, బ్యాడ్జీలు ఇచ్చేవీ చాలానే ఉన్నాయి. అవి రంగులేసిన పాత పట్టికలే.

తల వెడల్పు అర అంగుళం ఉన్న బోల్టు ఒకటి ఉందనుకోండి. అంటే 12.7 ఎంఎం. దానికి 13 ఎంఎం స్పానర్ పెడితే పట్టినట్టే ఉంటుంది. బలంగా తిప్పితే జారి, బోల్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఆటలో అయితే ఆ బోల్టు పక్కన పడేసి, ఇంకోదాంతో మళ్లీ మొదలుపెట్టొచ్చు.