రాజకీయ డాక్యుమెంటరీలు నమ్మొచ్చా? ఒక ఎడిటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తాను. రాజకీయ డాక్యుమెంటరీ ఏదైనా రిలీజైతే చాలు, ఒక వర్గం "అసలు నిజం ఇదే, అందరూ చూడండి" అని లింకులు పంపుతుంది, ఇంకో వర్గం చూడకుండానే "అంతా ప్రచారం" అని కొట్టిపారేస్తుంది, ఆ సినిమాలో ఏ కట్ ఎక్కడ పడిందో చూసేవాళ్ళు మాత్రం రెండు వైపులా దాదాపు కనపడరు. నాకు బాధనిపించేది ఇదే. తీసినవాడి ఉద్దేశం తెలిసినంత మాత్రాన అందులో అబద్ధం ఉందో లేదో తెలిసిపోదు, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది అంతే.

అపోహ: అజెండా పెట్టుకుని తీశారంటే అబద్ధమే

వాస్తవం: అజెండాతో తీసిన సినిమాలే కొన్నిసార్లు కోర్టులు చూడని నిజాన్ని బయటికి తెచ్చాయి. 1976లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక పోలీసు ఆఫీసర్ హత్య జరిగింది, రాండల్ ఆడమ్స్ అనే అతనికి మరణశిక్ష వేశారు, తర్వాత దాన్ని జీవిత ఖైదుగా మార్చారు. ఎరాల్ మోరిస్ 1988లో తీసిన 'ద థిన్ బ్లూ లైన్' తటస్థంగా ఉన్న సినిమా కాదు, ఇతను నిర్దోషి అనే వైపే నడుస్తుంది, పైగా హత్య జరిగిన తీరుని నటులతో మళ్ళీ మళ్ళీ తీసి చూపిస్తుంది. అయినా సాక్షుల మాటల్లో ఉన్న తేడాలు జనం కళ్ళముందు పెట్టింది. మరుసటి సంవత్సరమే ఆ తీర్పు రద్దయింది, ఆయన బయటికొచ్చాడు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఎడ్వర్డ్ మర్రో అనే అమెరికా టీవీ జర్నలిస్టు 1960లో వలస వ్యవసాయ కూలీల బతుకుల మీద 'హార్వెస్ట్ ఆఫ్ షేమ్' అనే టీవీ డాక్యుమెంటరీ చేశాడు. 1961లో అమెరికా ప్రభుత్వ సమాచార సంస్థకి అధిపతి అయ్యాక అదే సినిమాని బ్రిటన్‌లో వెయ్యొద్దని బీబీసీని అడిగాడు, వాళ్ళు వేశారు. ఆయన ఉద్దేశం అటుది ఇటైంది గానీ సినిమాలో కూలీలు చెప్పిన మాటలు ఒక్కటి కూడా మారలేదు కదా.

అపోహ: రాజకీయం లేని డాక్యుమెంటరీ అయితే కళ్ళు మూసుకుని నమ్మొచ్చు

వాస్తవం: డిస్నీ వాళ్ళ 'వైట్ వైల్డర్‌నెస్' 1958లో వచ్చింది, జంతువుల సినిమా, రాజకీయం వాసనే లేదు, ఆస్కార్ కూడా వచ్చింది. అందులో లెమ్మింగ్ అనే చిన్న ఎలకలాంటి జంతువులు గుంపుగా పోయి నీళ్ళలో దూకి చచ్చిపోతాయని చూపించారు. అవి బతకని ప్రాంతానికి కొని తెచ్చి, గుట్ట మీంచి తరిమి తీసిన సీను అదని 1982లో కెనడా టీవీ బయటపెట్టింది. జనం ఇప్పటికీ లెమ్మింగ్‌లు ఆత్మహత్య చేసుకుంటాయనే నమ్ముతున్నారు. పార్టీ రంగు కనిపిస్తే ప్రేక్షకుడు కనీసం జాగ్రత్తగా ఉంటాడు, ఇక్కడ ఆ జాగ్రత్త కూడా లేదు.

అపోహ: ఫుటేజ్ ఒరిజినల్ అయితే చాలు, అబద్ధానికి చోటుండదు

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తా.

లేనీ రీఫెన్‌స్టాల్ 1934లో న్యూరెంబర్గ్‌లో జరిగిన నాజీ పార్టీ సభల్ని తీసింది, 1935లో 'ట్రయంఫ్ ఆఫ్ ద విల్' పేరుతో వచ్చింది. నేను జరిగిందే తీశాను అని ఆమె తర్వాత చాలాసార్లు వాదించింది. అంత జనం అక్కడ ఉన్నమాట నిజమే, కానీ ఆ సభలే కెమెరాలకి తగ్గట్టు ఏర్పాటు చేసినవి. తర్వాత కొన్నేళ్ళకి ఫ్రాంక్ కాప్రా అమెరికా సైన్యం కోసం తన 'వై వుయ్ ఫైట్' సిరీస్‌లో అవే షాట్లు వాడుకున్నాడు. ఆమె సినిమాలో గొప్పగా కనిపించిన కవాతు ఈయన సినిమాలో భయం పుట్టిస్తుంది. రెంటిలోనూ ఫుటేజ్ ఒరిజినలే, మారిందల్లా పక్కనున్న షాటూ పైన వినిపించే గొంతూ.

ఇక ఇంటర్వ్యూల సంగతి. ఒక మనిషి మాతో గంట మాట్లాడతాడు, సినిమాలో అతనికి దక్కేది నిమిషంన్నర. దానికోసం ఇక్కడో వాక్యం అక్కడో వాక్యం తీసి కలుపుతాం, కలిపిన చోట బొమ్మ గెంతుతుంది కాబట్టి దాన్ని కప్పడానికి అతని చేతులో, గోడమీద ఫోటోనో, వింటున్న జనాన్నో వేస్తాం, దీన్నే కటవే అంటాం. కింద రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో ఉండే సన్నటి శబ్దం, పరిచేస్తే అతుకు చెవికి కూడా దొరకదు. ఇది మోసం కాదు, ఇది చెయ్యకుండా డాక్యుమెంటరీ తయారవదు. కానీ సరిగ్గా ఇదే పనితో మనిషి అనని మాట అనిపించొచ్చు.

2016లో వచ్చిన 'అండర్ ద గన్' తుపాకుల చట్టాల మీద తీసింది. అందులో తుపాకీ హక్కుల వాళ్ళని జర్నలిస్టు కేటీ కూరిక్ ఒక ప్రశ్న అడుగుతుంది, వాళ్ళు జవాబు లేక మౌనంగా కూర్చున్నట్టు కొన్ని సెకన్లు చూపిస్తారు. అసలు ఆడియో బయటికొస్తే వాళ్ళు వెంటనే జవాబిచ్చారని తేలింది, ఆ 8 సెకన్ల మౌనం ఎడిటింగ్‌లో పెట్టిందని కూరిక్ ఒప్పుకుని, అది తప్పుదోవ పట్టించిందని విచారం తెలిపింది. ఒక్క తప్పుడు మాట కూడా లేదు చూడండి, ఖాళీతోనే పని అయిపోయింది. బీబీసీ పనోరమా 2024లో ట్రంప్ మీద వేసిన ప్రోగ్రాంలో అయితే 2021 జనవరి 6న, అంటే ఆయన మద్దతుదారులు అమెరికా పార్లమెంటు భవనం మీద దాడి చేసిన రోజున, ఆయన చేసిన ప్రసంగంలో 50 నిమిషాలకి పైగా తేడాతో అన్న రెండు ముక్కల్ని ఒకే వాక్యంలా అతికించారు. అది 2025 నవంబర్‌లో పెద్ద గొడవై బీబీసీ క్షమాపణ చెప్పింది, డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, న్యూస్ హెడ్ డెబొరా టర్నెస్ ఇద్దరూ రాజీనామా చేశారు. ఆయన ప్రసంగం మీద మీ అభిప్రాయం ఏదైనా ఉండనీండి, ఆ అతుకు మాత్రం తప్పే, మా వృత్తిలో దాన్ని సమర్థించడానికి నాకు ఒక్క కారణం కూడా కనపడదు.

అపోహ: రెండు వైపులా సమానంగా చూపిస్తేనే నిజాయితీ

వాస్తవం: సమానంగా టైం ఇవ్వడం ఒకటి, ఆరోపణ ఎదుర్కొంటున్నవాడికి జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వడం ఇంకోటి. రెండోది తప్పనిసరి. మొదటిది చాలాసార్లు అన్యాయం, ఆధారాలన్నీ ఒకవైపే ఉంటే చెరో పది నిమిషాలు ఇవ్వడం వల్ల లేని సందేహం పుడుతుంది.

అపోహ: నాలుగు తప్పులు దొరికాయంటే సినిమా మొత్తం చెత్త

అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ వాతావరణ మార్పు మీద చేసిన సినిమా 'ఎన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్' స్కూళ్ళలో చూపించడం మీద బ్రిటన్‌లో కేసు వేశారు. 2007లో హైకోర్టు ఏం చెప్పిందో ఇరువైపులా తమకి కావాల్సిన సగమే చెప్తారు. శాస్త్రపరంగా సినిమా స్థూలంగా సరైందే అంది, తొమ్మిది చోట్ల శాస్త్రవేత్తల ఏకాభిప్రాయం దాటిపోయారని కూడా అంది. ఉదాహరణకి సముద్ర మట్టం 20 అడుగులు పెరగడం త్వరలో జరగబోతున్నట్టు చూపించారు, వేల ఏళ్ళు పట్టే సంగతి అది. అందుకని టీచర్లకి వివరణ నోట్స్ ఇచ్చి చూపించొచ్చంది. ఏ డాక్యుమెంటరీనైనా ఇలాగే ఒక్కో వాదన విడిగా తీసుకుని చూడాలి, ఓపిక కావాలి నిజమే.

అపోహ: కట్ చేసి పారేసింది అంటే దాచినట్టే

వందల గంటల ఫుటేజ్‌లోంచి గంటన్నర సినిమా వస్తుంది, పారెయ్యకుండా కుదరదు. పారేసిన ముక్క చూస్తే ప్రేక్షకుడి అభిప్రాయం తలకిందులవుతుందా అనేదే ప్రశ్న. నాజీ శిబిరాల మీద అలైన్ రెనే 1950ల్లో తీసిన 'నైట్ అండ్ ఫాగ్'లో ఒక ఫోటో ఉంటుంది, యూదుల్ని నిర్బంధించిన శిబిరానికి కాపలాగా నించున్న ఫ్రెంచి పోలీసు. అతను ఫ్రెంచివాడని పట్టిచ్చేది తలమీది టోపీ, ఫ్రెంచి సెన్సార్ వాళ్ళు అది కనపడకూడదన్నారు, దాన్ని కప్పేసి రిలీజ్ చేశారు. చిన్న టోపీయే గానీ, ఆ నేరంలో తమ దేశం వాళ్ళకీ భాగముందన్న సాక్ష్యం దాంతోపాటే పోయింది. దాచడమంటే ఇది.

అపోహ: ఎంత అబద్ధం చెప్పినా ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు

జవాబు చెప్పాల్సి వస్తుంది, ఆలస్యంగా. దినేష్ డిసౌజా '2000 మ్యూల్స్' 2022లో వచ్చింది, అమెరికా 2020 ఎన్నికల్లో డబ్బులిచ్చి దొంగ బ్యాలెట్లు వేయించారని దాని వాదన. ఆ మనుషుల్ని పట్టించిందంటూ ఫోన్ లొకేషన్ డేటా గురించి చెప్తూ, బ్యాలెట్ డబ్బాల్లో కవర్లు వేస్తున్నవాళ్ళ సీసీటీవీ దృశ్యాలు తెరమీద వేశారు, చూసేవాడు ఆ డేటా ఈ మనుషులదే అనుకుంటాడు. అలా చూపించిన ఒకాయన తనవీ కుటుంబ సభ్యులవీ బ్యాలెట్లు చట్టప్రకారమే వేశాడని జార్జియా అధికారుల విచారణలో తేలింది. ఆయన కేసు వేశాక 2024 మేలో పంపిణీ సంస్థ సేలం మీడియా క్షమాపణ చెప్పి సినిమాని ఆపేసింది, ఆ ఏడాది చివర్లో డిసౌజా కూడా ఆ వీడియోలకీ డేటాకీ సంబంధం లేకపోయి ఉండొచ్చని ఒప్పుకున్నాడు. అప్పటికి రెండేళ్ళు దాటింది, చూసేవాళ్ళు చూసేశారు, నమ్మేవాళ్ళు నమ్మేశారు.

అందుకే రాజకీయ డాక్యుమెంటరీ చూసేటప్పుడు కాసేపు సౌండ్ ఆపి చూడమని అడిగినవాళ్ళకల్లా చెప్తాను. వాయిస్ ఓవర్ నేరం అంటున్న చోట బొమ్మలో నిజంగా కనిపిస్తున్నది ఒక మనిషి డబ్బాలో కవర్లు వెయ్యడం మాత్రమే అయితే, మిగతాదంతా ఆ గొంతు కలిపింది.