క్లిప్ కాదు, ప్రసంగం వినండి

ప్రియమైన పిల్లలకు,

అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిని నిలబెట్టడానికి పార్టీలు నాలుగేళ్లకోసారి జరిపే మహాసభల గురించి మీరు వాదించుకుంటుంటే నాకు ముచ్చటేస్తుంది. కానీ ఒక సంగతి బాధపెడుతోంది. ముప్పై సెకన్ల క్లిప్ చూసి, దాని మీద యాంకర్ చెప్పిన తీర్పు విని, మీరు కోపం తెచ్చుకుంటున్నారు. ప్రసంగం మాత్రం వినడం లేదు.

ప్రసంగం జరిగిన రాత్రే ఇచ్చే తీర్పులు ఎంతకాలం నిలుస్తాయో చూడండి. 1988 జులైలో అట్లాంటాలో డెమొక్రాట్ల సభ. అర్కన్సా గవర్నర్ బిల్ క్లింటన్, డుకాకిస్‌ను అధ్యక్ష అభ్యర్థిగా ప్రతిపాదిస్తూ అరగంట దాటినా ఆపలేదు. ఇక ముగిస్తున్నానని అనగానే జనం హర్షధ్వానాలు చేశారు! వ్యాఖ్యాతలు ఆయన్ని ఏకిపారేశారు. నాలుగేళ్లకు అదే పార్టీ ఆయన్ని అధ్యక్ష అభ్యర్థిని చేసింది, గెలిచారు కూడా. అంతకుముందు 1984లో అదే పార్టీ సభలో న్యూయార్క్ గవర్నర్ మారియో క్యూమో ప్రసంగాన్ని ఆకాశానికెత్తారు. నవంబరులో ఆ పార్టీ అభ్యర్థి మాండేల్‌కు 50 రాష్ట్రాల్లో దక్కింది మిన్నెసోటా ఒక్కటే.

ఎలా మాట్లాడారో చెప్పడం తేలిక. చెప్పింది జరిగే పనేనా అని తేల్చడమే కష్టం. 1988 ఆగస్టులో న్యూ ఆర్లిన్స్‌లో రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ కొత్త పన్నులు వేసేదే లేదని ఒట్టేసినంత గట్టిగా చెప్పారు. హాలు దద్దరిల్లింది. ఆ ఒక్క మాటే వార్తల్లో మోగిపోయింది. అప్పటికే ప్రభుత్వానికి పెద్ద లోటు ఉంది. పన్నులు పెంచకుండా దాన్నెలా పూడుస్తారు? ఆ రాత్రి అడగాల్సిన ప్రశ్న అదీ. గెలిచి అధ్యక్షుడయ్యాక, 1990లో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌తో బడ్జెట్ ఒప్పందం చేసుకుని ఆయనే పన్నులు పెంచారు. 1992లో ప్రత్యర్థులు ఆ పాత మాటనే ఆయన మీద వాడారు, ఆయన ఓడిపోయారు. నన్నడిగితే, పన్నులు పెంచడం తప్పు కాదు. నిలబెట్టుకోవడం కష్టమని తెలిసిన మాటను అంత గట్టిగా ఇవ్వడమే తప్పు.

వార్తలు చూడొద్దని మాత్రం నేను అనను. 1968లో షికాగోలో డెమొక్రాట్ల సభ జరుగుతుండగా బయట పోలీసులు నిరసనకారులను చితకబాదారు. హాల్లో ఉపన్యాసాలు మాత్రమే చూపించి ఉంటే ఆ సంగతి దేశానికి తెలిసేదే కాదు. కెమెరా వీధి వైపు తిరగడం వల్లే తెలిసింది. విలేఖరులు చేయాల్సిన పని అదే. వేదిక మీద వినపడనిది చూపించాలి, చెప్పిన లెక్కలు సరిచూడాలి. ఎవరి ముఖం వెలిగింది, ఎవరి గొంతు వణికింది అన్న చర్చకు గంటలు గంటలు ఇవ్వడమే నాకు నచ్చదు.

ఇంకో మాట. చాలాసార్లు ప్రసంగ పాఠం విలేఖరులకు ముందే అందుతుంది. అందుకే మాట్లాడటం పూర్తికాకముందే శీర్షికలు వచ్చేస్తాయి.

ఈసారి ఇలా చేయండి. సీ-స్పాన్ అనే అమెరికా టీవీ ఛానల్ ఈ సభలను మొదటి నుంచి చివరి దాకా వ్యాఖ్యానం లేకుండా చూపిస్తుంది. ముందు అక్కడ వినండి. మీకు నచ్చని పార్టీ ప్రసంగం కూడా వినండి. ఇచ్చిన హామీలు కాగితం మీద రాసుకోండి, వాటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పారేమో చూడండి. ఆ తర్వాతే వార్తలు పెట్టండి. మీరు రాసుకున్న వాటిలో ఎన్నిటి గురించి వాళ్లు మాట్లాడారో నాకు ఉత్తరం రాయండి.

ప్రేమతో,
మీ పెద్దనాన్న