వరాజీ: ఒక్క రోజు చెప్పు

గడ్డి అల్లి కాలికి తొడుక్కోవడం ఎక్కడ మొదలైందో ఒక్క ఊరి పేరు చెప్పలేం. దక్షిణ స్పెయిన్‌లోని ఒక గుహలో 19వ శతాబ్దంలో గని కార్మికులకు దొరికిన ఎస్పార్టో గడ్డి చెప్పులు సుమారు 6 వేల ఏళ్ల నాటివని 2023లో తేలింది. కానీ ఆ పని మొన్నమొన్నటిదాకా ఇంటింటా సాగిన దేశం జపాన్. అక్కడి వరిగడ్డి చెప్పు పేరు వరాజీ.

చలికాలం పొలం పని లేనప్పుడు రైతులు వీటిని అల్లేవారు. ముందు గడ్డిని చెక్క సుత్తితో కొట్టి మెత్తబరచాలి. తర్వాత వెంటి పేనాలి, మన దగ్గర ధాన్యపు పురి కట్టేవాళ్లు పేనినట్టే. కాళ్లు చాపి కూర్చుని, ఆ తాడును రెండు కాళ్ల బొటనవేళ్లకు తగిలించి, దాని మధ్య గడ్డిని అటూ ఇటూ అల్లుకుంటూ పోవాలి. వేరే మగ్గం అక్కర్లేదు. పక్కల ఉన్న ఉంగరాల్లోంచి తాళ్లు లాగి చీలమండకు కడతారు. తొడుక్కున్నాక వేళ్ల కొసలు ముందు అంచు దాటి నేలను పట్టుకుంటాయి.

ఎక్కువ నడిస్తే జత ఒక రోజులో అరిగిపోయేది. ఎడో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటోకు దాదాపు 500 కిలోమీటర్ల టొకైడో దారి పొడవునా వీటిని అమ్మేవారు. ప్రయాణికులు అరిగినవి వదిలేసి కొత్తవి కట్టుకునేవారు. ఇనుప నాడాలు వాడుకలోకి రాకముందు గుర్రాలకూ గడ్డి చెప్పులే!

గడ్డి ఊరికే దొరికి, చేతులు ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ అరుగుదల ఎవరికీ లోపంగా తోచలేదనుకుంటాను. కూలికి గనిలో దిగేవాడి సంగతి వేరు. అతను చెప్పులు కొనుక్కోవాలి, పైగా మేకు గుచ్చుకుంటే గడ్డి ఆపదు. కురుమే పట్టణంలో టబి అనే గుడ్డ మేజోళ్లు కుట్టే ఇషిబాషి సోదరులు దీన్ని పట్టుకున్నారు. 1923లో రబ్బరు అడుగు అతికించిన టబి అమ్మకానికి పెట్టారు. గనుల్లో, పొలాల్లో వరాజీ పని అయిపోయింది. రబ్బరు చేతికొచ్చాక తమ్ముడు షొజిరో 1930లో తొలి టైరు తీయించాడు. మరుసటి ఏడు పుట్టిన కంపెనీయే బ్రిడ్జ్‌స్టోన్.

వరాజీ పూర్తిగా పోలేదు. భిక్షాటనకు వెళ్లే బౌద్ధ సన్యాసులు వేసుకుంటారు. నాచు పట్టిన బండల మీద జారదని కొండవాగులు ఎక్కేవాళ్లలో కొందరు ఇప్పటికీ దీన్నే కట్టుకుంటారు.